జట్టు జాబితాలో లేని పేరు

పదమూడేళ్ళ వయసులో బేసింగ్‌స్టోక్‌లో పిల్లల ఐస్ హాకీ జట్టులో నాకు గోలీగా, అంటే గోల్‌కీపరుగా, చోటు దొరికింది. ఆ వారమే అమ్మ కోచ్ దగ్గరికి వెళ్ళి, ముందు థాంక్స్ చెప్పి, తరువాత ఒక్క కోరిక కోరింది. మా అబ్బాయి పేరు ఎక్కడా వేయొద్దు. గోడకు అంటించే జట్టు జాబితాలో వద్దు, క్లబ్ వెబ్‌సైట్‌లో వద్దు, ఊరి పత్రికకు పంపే ఫొటో కింద కూడా వద్దు. ఆ కోచ్ కారణం అడగలేదు. అమ్మ ముఖం చూసి, పక్కన నిలబడ్డ నన్ను చూసి, "నంబరుతో సరిపెడదాం" అన్నాడు. ఆ రోజు నుంచి ఆరేళ్ళు నేను ముప్పై ఒకటో నంబరుని మాత్రమే.

కారణం మా నాన్న.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మేము ముగ్గురం అనంతపురం నుంచి షెఫీల్డ్ వచ్చాం. అమ్మ నర్సు. అక్కడ పెద్ద ఆసుపత్రిలో ఆమెకు ఉద్యోగం వచ్చింది. నాన్నకు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో కాంట్రాక్టు పని ఉండేది. ఏడాది తిరగకముందే అది అయిపోయింది. ఇంకొకటి దొరకలేదు. అనంతపురంలో కూడా ఆయనకు కోపం ఉండేదని అమ్మ తరువాత చెప్పింది. అక్కడ ఇంటినిండా మనుషులు ఉండడంతో అది చిన్నదిగా కనబడేది. షెఫీల్డ్‌లో ఆ ఇరుకు ఇంట్లో మేం ముగ్గురమే ఉన్నాం.

ఆయనకు అమ్మ రోటా మీద, అంటే ఆసుపత్రివాళ్ళు ఇచ్చే డ్యూటీ పట్టిక మీద, అనుమానం. ఆసుపత్రికి ఫోన్ చేసి డ్యూటీలో ఉందో లేదో కనుక్కునేవాడు. ఆమె కారు ఆపి లోపలికి రాగానే ఈయన బయటకు వెళ్ళి కారులో మైళ్ళ అంకె చూసి వచ్చేవాడు.

"ఆసుపత్రికి పోయి వచ్చేదానికి ఏడు మైళ్ళు. ఈ పొద్దు పది తిరిగింది. ఆ మూడు మైళ్ళు యాడికి పోయినావు?"

"రోడ్డు మూసినారు. చుట్టు తిరిగి వచ్చినా."

"ఏ రోడ్డు?"

ఆమె రోడ్డు పేరు చెప్పేది. ఆయన మరుసటి రోజు నడిచి వెళ్ళి చూసి వచ్చేవాడు. రోడ్డు నిజంగా మూసి ఉంటే ఆ సాయంత్రం ఇల్లు ప్రశాంతంగా ఉండేది. తెరిచి ఉంటే ఉండేది కాదు. నేను పైగదిలో మంచం మీద కూర్చుని మెట్ల మీద ఆయన అడుగులు వినేవాణ్ణి. అడుగు మెల్లగా పడితే భయపడేవాణ్ణి. వేగంగా పడితే ఏదో వెతుక్కోవడానికి వస్తున్నాడని అర్థం. మెల్లగా పడితే నాతో మాట్లాడటానికి వస్తున్నాడని. "మీ అమ్మ ఫోన్లో ఎవురితో మాట్లాడింది?" అని మొదలుపెట్టేవాడు. నేనేం చెప్పినా తప్పే అయ్యేది. మరునాడు పొద్దున మాత్రం నా బడి చొక్కా ఆయనే ఇస్త్రీ చేసేవాడు. కాలరు మడత సరిగ్గా వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ చేసేవాడు. ఆ చొక్కా వేసుకుని బడిలో కూర్చుంటే నాకు ఊపిరాడేది కాదు.

ఐస్ రింకుకు నన్ను మొదట తీసుకెళ్ళింది బడివాళ్ళు. పదకొండేళ్ళప్పుడు మా క్లాసంతా స్కేటింగ్ నేర్చుకోవడానికి వెళ్ళాం. అక్కడ పిల్లలకు శనివారం పొద్దున హాకీ నేర్పే ఒక పెద్దాయన ఉండేవాడు. అరవై దాటినవాడు. వయసులో ఉన్నప్పుడు తనూ గోలీయే. కుడిచేతి చూపుడువేలు ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది. ఆయనకు ఒక గోలీ కావాలి. ఎవరి పిల్లలూ గోల్ ముందు నిలబడటానికి ముందుకు రారు. ఎదుటివాడు కొట్టిన గట్టి రబ్బరు బిళ్ళకు అడ్డం నిలబడాలి కదా. ఆ బిళ్ళను పక్ అంటారు. గోలీకి కావలసిన ప్యాడ్లు, గ్లవ్, మాస్కు అన్నీ క్లబ్బే ఇస్తుంది.

ఆ శనివారాలకు నాన్న ఒప్పుకుని, తనే రింకులో దింపి వెళ్ళడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఆ పూట అమ్మ డ్యూటీలో ఉండేది. ఇంట్లో నేను ఉండటం ఆయనకు అడ్డమనిపించిందేమో.

మాస్కు పెట్టుకున్న మొదటి రోజు బాగా గుర్తుంది. లోపల పాత చెమట వాసన. నా ఊపిరి నాకే వినబడుతోంది. నా ముఖం ఎవరికీ కనబడదని తెలిసి తల పైకెత్తి నిలబడ్డాను. మొదటి పక్ వచ్చి ఛాతీకి తగిలింది. నొప్పి లేదు, ధబ్ మని చప్పుడు మాత్రమే. రెండోది గ్లవ్‌లో పడింది. నాలుగైదు వారాల తరువాత ఆ పెద్దాయన నా దగ్గరకు వచ్చి, "వాడు ఎడమవైపు కొడతాడని నీకు ముందే ఎలా తెలుస్తోంది?" అని అడిగాడు.

"తెలీదు" అన్నాను.

తెలుసు. మనిషి భుజం కదలకముందే ఏం చేయబోతున్నాడో చూసుకోవడం నాకు ఇంట్లో రోజూ ఉన్న పనే. అది ఆయనకు చెప్పాలనిపించలేదు. చెప్పకపోయినా ఆయనకు కొంత అర్థమైందనుకుంటాను. ఒకరోజు ప్యాడ్ల కింద వేసుకునే బనియను మార్చుకుంటుంటే నా జబ్బ లోపలివైపు కమిలిన మచ్చ చూశాడు. అది పక్ తగలగలిగిన చోటు కాదు. తరువాతి శనివారం అమ్మ ఫోన్ నంబరు అడిగి తీసుకున్నాడు.

అమ్మ, ఆయన ఎన్నిసార్లు మాట్లాడుకున్నారో, ఏం మాట్లాడుకున్నారో నాకు అప్పుడు తెలియదు. అమ్మతో నర్సింగ్ చదివిన ఒక ఆంటీ బేసింగ్‌స్టోక్‌లో ఉండేది. అక్కడి ఆసుపత్రిలో ఉద్యోగానికి అమ్మ రహస్యంగా దరఖాస్తు చేసుకుంది. నెలలు పట్టింది. ఆ నెలల్లో ఆమె ఇంట్లో ఎప్పటికన్నా తక్కువ మాట్లాడింది. ఆమె నన్ను వదిలేస్తోందేమోనని నేను లోలోపల కుంగిపోయాను.

ఒక శనివారం ఆట సగంలో ఉండగా పెద్దాయన విజిల్ ఊది నన్ను పక్కకు పిలిచాడు. రింకు అంచున అమ్మ నిలబడి ఉంది. డ్యూటీలో ఉండాల్సిన మనిషి, నర్సు దుస్తుల మీద కోటు వేసుకుని ఉంది. ఎవరో చనిపోయారనుకున్నాను.

"స్కేట్లు విప్పు నాయనా" అంది. "మనం పోతాండాం."

"యాడికి?"

"రైల్లో చెప్తా. బిరీన."

నాన్న లెక్కలో నా ఆట పన్నెండింటి దాకా. అప్పుడు పదిన్నర. కారును ఆమె ఆసుపత్రిలోనే వదిలేసి, టాక్సీలో వచ్చింది. టాక్సీలో రెండు సూట్‌కేసులు ఉన్నాయి, వారాల ముందు నుంచి ఆమె ఆసుపత్రిలో దాచి నింపినవి. నేను ప్యాడ్లు విప్పి బల్ల మీద పెడుతుంటే పెద్దాయన వాటిని తీసి సంచిలో కుక్కి, ఆ సంచిని టాక్సీ దాకా తానే మోసుకొచ్చాడు. "ఇవి క్లబ్‌వి" అన్నాను. "నువ్వు ఆడినన్నాళ్ళు నీవి" అన్నాడు. స్టేషన్‌లో రైలు కదిలేదాకా అమ్మ ప్లాట్‌ఫారం వైపు చూడలేదు. నేను అటు నుంచి కళ్ళు తిప్పలేదు. లండన్ చేరేదాకా ప్రతి స్టేషన్‌లో ఎక్కినవాళ్ళ ముఖాలన్నీ వెతికాను.

బేసింగ్‌స్టోక్‌లో మొదట ఆంటీ ఇంట్లో, తరువాత ఒక చిన్న ఫ్లాట్‌లో ఉన్నాం. మా వివరాలు ఎవరడిగినా ఇవ్వొద్దని అమ్మ కౌన్సిల్‌కు, మా జీపీ డాక్టరు క్లినిక్‌కు, బడికి చెప్పి పెట్టింది. పోలీసులకూ చెప్పింది. తలుపు కొడితే నేను తీయకూడదు. ఆ ఊళ్ళో రింకు ఉందని తెలిసి నేను అడిగినప్పుడు ఆమె రెండు రోజులు జవాబు చెప్పలేదు. మూడో రోజు అన్నం వడ్డిస్తూ అంది.

"ఆడు. నేను వద్దనను. పేరు మాత్రం యాడా పడకూడదు. ఆయప్పకు తెలిస్తే ఒక్క పొద్దులో వచ్చి నిలబడతాడు."

అట్లా ముప్పై ఒకటో నంబరునయ్యాను. బాగా ఆడిన రోజున మిగతా పిల్లల పేర్లు పత్రికలో వచ్చేవి. నా గురించి "ఆతిథ్య జట్టు గోలీ" అని ఉండేది. ఆ గోలీ నేనేనంటే మా బడిలో ఎవరూ నమ్మేవాళ్ళు కారు. బాగా ఆడటమే నాకు భయంగా ఉండేది. మరీ బాగా ఆడితే ఎవరో ఒకరు ఫొటో తీస్తారు. గెలిచిన తరువాత జట్టంతా హెల్మెట్లు తీసి నిలబడితే నేను బాత్రూమ్‌లోకి వెళ్ళి కూర్చునేవాణ్ణి.

పంతొమ్మిదేళ్ళప్పుడు పై లీగులో ఒక క్లబ్ నన్ను రెండో గోలీగా తీసుకుంటామంది. అది వృత్తి ఆట. జెర్సీ వీపు మీద పేరు ఉంటుంది, వెబ్‌సైట్‌లో ఫొటో ఉంటుంది. తప్పించుకోవడానికి లేదు. కాగితాలు వంటగది బల్ల మీద వారం పడి ఉన్నాయి. ఆ వారంలో అమ్మ వాటిని తాకలేదు, వాటి చుట్టూ తుడిచింది.

"వద్దులే మా" అన్నాను. "నేను కాలేజీకి పోతా."

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఆరేండ్లాయె మనం వచ్చి. ఇంగ ఎన్నాళ్ళు దాక్కుందాం? నువ్వు కూడా నా మాదిరి కిటికీ సందులోంచి చూస్తాండావు రోజూ. నేను చూస్తానే ఉండా." కాగితాలు నా వైపు జరిపి, "సంతకం పెట్టు. తాళాలు నేను మార్పిస్తా" అంది.

మార్పించింది. రెండు తాళాలు, ఒక గొలుసు.

మా లీగులో మొదటి గోలీ చాలావరకు కెనడా నుంచి వచ్చినవాడై ఉంటాడు. రెండో గోలీ ఇక్కడివాడు. వాడి పని బెంచీ చివర నిలబడి, లోపలికి వచ్చే ఆటగాళ్ళకు తలుపు తీయడం, వెళ్ళేవాళ్ళ వెనక మూయడం. సంవత్సరంలో రెండుమూడు ఆటలు దొరికితే గొప్ప. కానీ ఏ క్షణాన మొదటివాడికి దెబ్బ తగిలినా, చల్లబడ్డ కాళ్ళతో వెళ్ళి గోల్‌లో నిలబడాలి. అందుకని ఆడకపోయినా ప్రతి ఆటకు ముందు నాకు వాంతి అయ్యేది. జట్టులో అందరికీ అది అలవాటైపోయింది. నా వాంతి అయ్యాకే బయటికి వెళ్దామనేవాళ్ళు. వాళ్ళకు తెలియనిదేమిటంటే, తలుపు తీస్తూ మూస్తూ నేను ఆట కన్నా ఎక్కువగా జనాన్ని చూసేవాణ్ణి. ఒక్కో వరుసా చూసుకుంటూ పోయేవాణ్ణి. ఒంటరిగా వచ్చిన మగవాళ్ళ దగ్గర ఆగి రెండోసారి చూసేవాణ్ణి.

మూడో ఏడు, ఒక ఆదివారం మధ్యాహ్నం షెఫీల్డ్‌లో ఆట. అంతకు ముందు అక్కడికి వెళ్ళినప్పుడల్లా ఏమీ జరగలేదు. ఆ రోజు, మూడు భాగాల ఆటలో రెండో భాగం మధ్యలో, మా గోలీ మోకాలు పట్టుకుని కూలిపోయాడు. మేము మూడు గోల్స్, వాళ్ళు ఒకటి. నేను మాస్కు దించుకుని వెళ్ళాను. నా మీదకు వచ్చిన మొదటి పక్ మామూలుది, పిల్లలు కూడా ఆపుతారు. అది నా కాళ్ళ మధ్య నుంచి వెళ్ళిపోయింది. గోల్ పడ్డ ఆనందంలో జనం లేచి నిలబడి మళ్ళీ కూర్చున్నారు. ఒక్కడు కూర్చోలేదు. నల్లకోటు వేసుకుని, చేతులు కట్టుకుని, నా వైపే చూస్తున్నాడు.

ఆ తరువాత ఆ భాగం ఎలా ముగిసిందో నాకు తెలియదు. ఇంకో గోల్ పడకపోవడం నా గొప్ప కాదు, మా డిఫెన్స్‌వాళ్ళు ప్రాణం పెట్టి ఆపారు. విరామంలో డ్రెస్సింగ్ రూమ్ బయట నడవలో గోడకు ఆనుకుని నిలబడ్డాను. అప్పుడు ఆ వంకర వేలు పెద్దాయన వచ్చాడు. ఆ రింకులో ఆయన్ని ఆపేవాళ్ళు లేరు. ముసలివాడయ్యాడు, కర్ర పట్టుకున్నాడు.

"మీ నాన్నను నేనూ చూశాను" అన్నాడు. "ఎనిమిదో వరుసలో ఉన్నాడు. వెళ్ళి ఆయన పక్క సీట్లో కూర్చుంటాను. ఆట అయ్యేదాకా కదలను. ఆయన్ని చూడటం నా పని. నువ్వు పక్‌ను చూసుకో."

మూడో భాగం మొదలయ్యేటప్పటికి నిజంగానే ఆయన అక్కడ కూర్చుని ఉన్నాడు. ఒక్కసారి చూశాను. మళ్ళీ చూడలేదు. ఆ ఇరవై నిమిషాల్లో పద్దెనిమిదిసార్లు కొట్టారని తరువాత చెప్పారు. ఒక్కటీ లోపలికి పోలేదు. మూడు రెండుతో గెలిచాం.

బస్సు ఎక్కబోతుంటే నాన్న వచ్చాడు. పెద్దాయన పది అడుగుల దూరంలో కర్ర మీద ఆనుకుని నిలబడ్డాడు. నాన్న నాకన్నా పొట్టి. ఆ విషయం నాకు అప్పుడే తెలిసింది.

"బాగా ఆడినావు" అన్నాడు. "చిక్కినావు. అన్నం తింటాండావా?"

"ఊఁ."

"మీయమ్మ ఎట్లుంది?"

గొంతులో పదేళ్ళ పిల్లవాడి జవాబులే వరసగా వస్తున్నాయి, వాటిలో ఏది తప్పో అని వెతుక్కుంటున్నాను.

"బస్సు ఎక్కల్ల" అన్నాను.

ఆయన చెయ్యి లేచింది. నా చెంప మీద మాస్కు ఒరుసుకుని కమిలిన గీత ఉంది, దాన్ని చూడటానికే అయి ఉండొచ్చు. ఆ చెయ్యి సగం దూరం రాకముందే నా ఎడమ చెయ్యి పైకి లేచి అడ్డం నిలిచింది. నేను అనుకుని లేపలేదు. ఆయన నా చేతిని చూశాడు. తన చేతిని కోటు జేబులో పెట్టుకున్నాడు. "సరే" అని వెనక్కి తిరిగి, కార్లు ఆపిన చోటు దాటి ట్రామ్ స్టాప్ వైపు నడిచి వెళ్ళాడు.

బస్సులోంచి అమ్మకు ఫోన్ చేశాను. విన్నది. "నీకేం కాలేదు గదా?" అంది. "నాకు ఎవరూ ఏమీ చేయలేదు మా" అన్నాను. ఆ నెలంతా ఆమె డ్యూటీ నుంచి వచ్చే వేళకు నేను కిటికీ దగ్గర ఉండేవాణ్ణి, నేను ప్రాక్టీసు నుంచి వచ్చే వేళకు ఆమె ఉండేది. ఆయన రాలేదు. ఉత్తరం రాయలేదు, ఫోన్ చేయలేదు. అది ఇంకా కష్టంగా ఉండేది. వస్తే ఆ రోజుతో అయిపోయేది.

ఆ తరువాత ఎనిమిదేళ్ళు ఆడాను. రెండు సీజన్లు మొదటి గోలీగా ఉన్నాను. వాంతులు తగ్గలేదు. జీపీ దగ్గరికి వెళ్ళమని కెప్టెన్ మొహమాటం లేకుండా చెప్పాక వెళ్ళాను. ఆ డాక్టరమ్మ పంపిన ఒక థెరపిస్టుతో ఏడాది మాట్లాడాను. నిద్ర కొంచెం మెరుగైంది. చివరికి నన్ను ఆపింది భయం కాదు, తుంటి. గోలీలు మోకాళ్ళ మీద పడి లేచి పడి లేచి తుంటి కీలు అరగదీసుకుంటారు. ఆపరేషన్ అయ్యాక డాక్టరు ఇంక చాలన్నాడు. అప్పటికి నాకు ముప్పై ఏళ్ళు. ఇప్పుడు బేసింగ్‌స్టోక్‌లో గోలీలకు శిక్షణ ఇస్తాను.

పోయిన ఏడు, నేను ఒకప్పుడు ఆడిన క్లబ్ ఆఫీసు నుంచి ఒక కబురు వచ్చింది. షెఫీల్డ్ ఆసుపత్రివాళ్ళు నాకోసం అడుగుతున్నారట. నాన్నకు పక్షవాతం వచ్చింది. మాట సరిగా రాని స్థితిలో, నా కొడుకు గోలీ అని క్లబ్ పేరు చెప్పాడట.

అమ్మకు చెప్పాను. ఆమె కూరగాయలు తరుగుతోంది. కత్తి ఆగింది.

"ఏ వార్డు?" అంది.

చెప్పాను. ఆమె ఆ వార్డులోనే మొదట పనిచేసిందట.

"పోతావో పోవో నీ ఇష్టం. నేను రాను. పోయేటట్లయితే మధ్యాహ్నం పో, డాక్టర్లు రౌండు ముగించి ఉంటారు. కుడిపక్క పడిపోయింటే ఎడమపక్క కూర్చో. అప్పుడే నిన్ను చూడగలడు."

వెళ్ళాను. మంచం మీద ఆయన చాలా చిన్నగా ఉన్నాడు. ఎడమపక్క కూర్చున్నాను. నన్ను చూసి ఏదో అన్నాడు, అర్థం కాలేదు. సోషల్ వర్కర్ ఒకామె కుర్చీ లాక్కుని వచ్చి, డిశ్చార్జి తరువాత ఆయన్ని చూసుకోవడానికి మనిషి కావాలని వివరించింది. "మీ ఇంటికి తీసుకెళ్ళగలరా?" అంది.

ఆయన వింటున్నాడు. కళ్ళు నా మీదే ఉన్నాయి. నా భుజాలు చెవుల దాకా లేచాయి.

"లేదు" అన్నాను. "కేర్ హోమ్ చూడటానికి సాయం చేస్తాను. ఇంటికి తీసుకెళ్ళను."

ఆమె తలూపి రాసుకుంది. నాన్న కళ్ళు మూసుకున్నాడు. ఆయన కళ్ళజోడు ఇంట్లో ఉండిపోయిందని నర్సు చెబితే తాళంచెవి తీసుకుని ఆయన ఫ్లాట్‌కు వెళ్ళాను. ఒక గది. ఒకే కంచం, ఒకే గ్లాసు. కళ్ళజోడు కిటికీ గట్టు మీద దొరికింది. దొరికాక కూడా నేను సొరుగులు తీసి చూశాను, గోడలు చూశాను. నా ఫొటో ఏదైనా, నా ఆట గురించి పత్రిక ముక్క ఏదైనా ఉంటుందేమోనని. ఏమీ లేదు. వెతికినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. కళ్ళజోడు నర్సుకు ఇచ్చి రైలెక్కాను.

స్టేషన్‌లో అమ్మ కారులో కూర్చుని ఉంది. ఇంటికి చేరేదాకా ఒకే ప్రశ్న అడిగింది. "మింగగలుగుతాండాడా?" మెత్తనివి మింగుతున్నాడని చెప్పాను. "అయితే బతుకుతాడు" అంది. ఆ గొంతులో బాధ ఉందో లేదో నేను కనిపెట్టలేకపోయాను.

ఇప్పుడు ఆయన షెఫీల్డ్‌లోనే ఒక కేర్ హోమ్‌లో ఉన్నాడు. రెండు నెలలకోసారి వెళ్తాను. వెళ్ళే ముందు రెండు రోజులు తిండి సహించదు. అమ్మ ఏమీ అడగదు, ఏమీ పంపదు. మొన్న వెళ్ళినప్పుడు ఆయన నన్ను చూసి ఎడమ చేత్తో కుర్చీ చూపించాడు. కూర్చున్నాను. గంటసేపు ఇద్దరం టీవీలో వంటల పోటీ చూశాం. ఎవరిదో కేకు కూలిపోతే ఆయన నవ్వాడు. ఆ నవ్వుకు కూడా నా వీపు బిగుసుకుంది. తరువాత టీ వచ్చింది. ఆయనది చల్లారేదాకా పక్కన పెట్టి, నాది తాగాను.